అక్షరాలు ఆర్మేనియన్, భాష టర్కిష్: 1851 నాటి నవలను అసలు లిపిలో చదవాలంటే

ప్రశ్న ఇది: "టర్కిష్‌లో మొదటి నవల ఆర్మేనియన్ లిపిలో అచ్చయిందని చదివాను. అది అనువాదమా, లేక ఆర్మేనియన్ నవలనే ఎవరో టర్కిష్ అనుకున్నారా? ఇప్పటి టర్కిష్ బాగానే చదవగలను. ఇలాంటి పుస్తకాలను అసలు లిపిలో చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

అనువాదం కాదు, ఎవరూ పొరబడలేదు కూడా. 1851లో ఇస్తాంబుల్‌లో ముహెందిస్యన్ అచ్చుకూటం వేసిన 'అకబి హికాయెసి', అంటే అకబి కథ, టర్కిష్ భాషలో పుట్టిన పుస్తకమే. లిపి మాత్రం ఆర్మేనియన్. రాసింది హోవ్సెప్ వర్తాన్యన్. ఆర్మేనియన్ కాథలిక్, వియన్నాలో మెఖితారిస్టులనే ఆర్మేనియన్ కాథలిక్ సన్యాసుల సంఘం పాదిరీల దగ్గర చదువుకున్నవాడు. తర్వాత పాషా హోదా దక్కింది కాబట్టి వర్తాన్ పాషా అంటారు. 1879లో పోయాడు.

ఈ పుస్తకాల దగ్గర జరిగే తప్పులన్నీ ఒకే చోట పుడతాయి: లిపిని చూసి భాషను తేల్చేయడం. గ్రంథాలయం సూచిక తయారుచేసేవాళ్లు చేసే తప్పూ, ఓసీఆర్, అంటే స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, చేసే తప్పూ, సాహిత్య చరిత్ర రాసేవాళ్లు చేసే తప్పూ ఇదే. మనకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు. త్యాగరాజ కీర్తనల పుస్తకం తమిళ లిపిలో చూడండి. క, ఖ, గ, ఘ తేడా తెలియడానికి ఒకే అక్షరం పక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. దాన్ని పట్టుకుని 'ఇది తమిళ సాహిత్యం' అని ఎవరూ అనరు. పాడేవాళ్లకు వచ్చిన లిపి అది, పాట తెలుగు. ఇక్కడా అంతే.

ఎందుకలా రాశారంటే, ఆటోమన్ రాజ్యంలో లిపి మతాన్ని బట్టి ఉండేది, ఇంట్లో మాట్లాడే భాషను బట్టి కాదు. బడి అంటే చర్చి బడి. అక్కడ నేర్పేది ఆ చర్చి లిపి. కైసేరి, అంకారా, అదానా వైపు ఎంతోమంది ఆర్మేనియన్లకు ఇంటి భాషే టర్కిష్. వాళ్లకు ఆర్మేనియన్ అక్షరాలు వచ్చు, ఆర్మేనియన్ భాష రాదు. అరబ్బీ లిపిలో రాసిన టర్కిష్ వింటే అర్థమవుతుంది, చదవలేరు. కరమన్లీలనే గ్రీకు క్రైస్తవులు ఇదే టర్కిష్‌ను గ్రీకు అక్షరాల్లో రాసుకున్నారు. యూదులు తమ స్పానిష్‌ను హీబ్రూ అక్షరాల్లో రాసుకున్నారు.

ఆర్మేనియన్ బాగా వచ్చినవాళ్లకు ఇంకో చిక్కు ఉండేది. 1850 ప్రాంతంలో ఆర్మేనియన్‌లో గ్రాబార్, అష్ఖార్హాబార్ అని రెండు భాషలు. ఒకటి గ్రాంథికం, ఒకటి వ్యావహారికం. పేర్లు మార్చి గిడుగు రామమూర్తి గారి కాలానికి తెచ్చి పెట్టినా సరిపోయే తగాదా. గ్రాంథికం పండితుడికి తప్ప కొరుకుడు పడదు. వ్యావహారికానికి ఇంకా ఒక రూపం కుదరలేదు. దుకాణదారుడూ, ఇల్లాలూ, మూడు భాషల మధ్య పెరిగిన కుర్రవాడూ అందరూ చదవగలిగే వచనం కావాలంటే ఇస్తాంబుల్ వీధుల్లో మాట్లాడే టర్కిష్ దగ్గర దారిగా కనిపించింది.

ముస్లింల కంట పడకుండా రహస్య లిపిలో రాసుకున్నారనే మాట ఇంటర్నెట్‌లో చాలాచోట్ల కనిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టండి. ఇవి బాహాటంగా అచ్చయి, బజారులో అమ్ముడైన పుస్తకాలు, పత్రికలు. అరబ్బీ లిపి కంటే సులువని ఆర్మేనియన్ అక్షరాలు నేర్చుకున్న ముస్లిం చదువరులూ ఉన్నారు.

ఈ అలవాటు నవలతో మొదలవలేదు. ల్వివ్‌లోని ఆర్మేనియన్లు మాట్లాడిన కిప్చాక్ అనే తుర్కీ భాషలో 1618లోనే ఒక ప్రార్థనల పుస్తకం ఆర్మేనియన్ అక్షరాల్లో అచ్చయింది. ఆటోమన్ టర్కిష్ వరకు చూస్తే, 1727లో వెనిస్‌లో మెఖితారిస్టు సంఘం స్థాపకుడు మెఖితార్ వేసిన వ్యావహారిక ఆర్మేనియన్ వ్యాకరణంతో అచ్చు చరిత్ర మొదలవుతుంది. ఆర్మేనియన్ రానివాళ్లకు ఆర్మేనియన్ నేర్పే పుస్తకం కాబట్టి వివరణ టర్కిష్‌లో సాగుతుంది. 1831లో అమెరికన్ మిషనరీ గుడెల్ కొత్త నిబంధనను ఇదే పద్ధతిలో తెచ్చాడు. 1852లో వర్తాన్ పాషాయే 'మెజ్మువా-ఇ హవాదిస్' అనే పత్రిక పెట్టాడు. హస్మిక్ స్తెపాన్యన్ తయారుచేసిన గ్రంథసూచి 1727 నుంచి 1968 దాకా నడుస్తుంది. అంటే టర్కీ లాటిన్ లిపికి మారిన నలభై ఏళ్ల తర్వాత కూడా, వలస వెళ్లినవాళ్ల కోసం ఇలాంటి పుస్తకాలు ఎక్కడో ఒకచోట అచ్చవుతూనే ఉన్నాయి. (లిపి సంగతి వచ్చింది కాబట్టి మన పక్క ముచ్చట ఒకటి: ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' వెలువడింది మద్రాసులో, 1794లో. అది మాత్రం లిపీ భాషా రెండూ ఆర్మేనియనే.)

'మొదటి నవల' అనే బిరుదు సంగతికి వస్తే, టర్కిష్ పాఠ్యపుస్తకాలు చాలాకాలం 1872 నాటి షెమ్సెద్దీన్ సామీ నవలను, 'తఆష్షుక్-ఇ తల్అత్ వె ఫిత్నత్'ను, మొదటిదిగా చెప్పాయి. అకబి దానికి ఇరవై ఒక్క ఏళ్ల ముందుది. మధ్యలో 1862లో 'తెలెమాక్' అనువాదం అచ్చయింది, కానీ అది ఫ్రెంచ్ నుంచి వచ్చినది. మనకూ ఈ గొడవ కొత్త కాదు. అదే 1872లో వచ్చిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారి 'శ్రీరంగరాజ చరిత్ర'ను మొదటి నవల అనాలా, 1878 నాటి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్ర'ను అనాలా అని ఇప్పటికీ వాదించుకుంటాం. కాకపోతే మన వాదం నవలా లక్షణం మీద. అక్కడ అకబిని లెక్కలోకి తీసుకోకపోవడానికి లక్షణం కారణం కాదు. 1928 నవంబరు 1న లిపి చట్టం వచ్చాక అరబ్బీ లిపి పుస్తకాలనే కొత్త తరం చదవలేకపోయింది, ఇక ఆర్మేనియన్ లిపివి ఎవరు చూస్తారు? ముస్లిం టర్కుల రచనలే టర్కిష్ సాహిత్యం అనే ధోరణి దానికి తోడైంది. ఆర్మేనియన్ సాహిత్య చరిత్రకారులేమో 'భాష మనది కాదు' అని వదిలేశారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆ పుస్తకం. 1991లో వియన్నా తుర్కీ భాషావేత్త ఆంద్రెయాస్ తీత్సె దాన్ని లాటిన్ అక్షరాల్లోకి మార్చి, అట్ట మీదే 'మొదటి టర్కిష్ నవల' అని వేసి ఇస్తాంబుల్‌లో తెచ్చాక చర్చ రేగింది.

నా అభిప్రాయం అడిగితే, నవల అంటే సమకాలీన నగర జీవితం, మనస్తత్వం, గద్యంలో సాగే దీర్ఘ కథ అనుకుంటే అకబికి ఆ స్థానం ఇవ్వడానికి అడ్డేమీ లేదు. పుస్తకం తనను తాను 'హికాయె' అని పిలుచుకోవడం అభ్యంతరం కాదు, ఆ రోజుల్లో అందరూ వాడిన మాటే అది. పోలిక కోసం ఇంకొకటి: ఆధునిక ఆర్మేనియన్‌లో మొదటి నవలగా చెప్పే ఖచతుర్ అబోవ్యన్ రచన 1841లో రాసినా అచ్చయింది 1858లో. అంటే పుస్తకం బయటికి వచ్చిన తేదీ చూస్తే అకబి దానికంటే కూడా ముందే.

కథ తెలియకపోతే చదువుతున్నప్పుడు సగం మాటలు గాలిలో తేలతాయి, అందుకని క్లుప్తంగా చెప్తాను. అకబి ఆర్మేనియన్ మాతృచర్చికి చెందిన అమ్మాయి. హగోప్ ఆర్మేనియన్ కాథలిక్. ఇద్దరిదీ ఒకే జాతి, ఒకే ఊరు, ఇంట్లో ఒకే భాష. శాఖలు వేరు కాబట్టి పెళ్లి కుదరదు, కథ ఇద్దరి చావుతో ముగుస్తుంది. ఇది ఊహించి రాసిన పగ కాదు. 1828లో ఇస్తాంబుల్ కాథలిక్ ఆర్మేనియన్లను ఊళ్లోంచి వెళ్లగొట్టారు. 1830ల మొదట్లో వాళ్లకు వేరే సముదాయంగా గుర్తింపు వచ్చింది. 1850లో ప్రొటెస్టెంట్లకూ వచ్చింది. నవల చదివిన మొదటి పాఠకులు ఆ గాయాలు ఉన్నవాళ్లే. ఈ విషాదం పక్కనే ఒక హాస్య పాత్ర నడుస్తుంది: రుపెనిగ్ ఆగా, యూరప్ వేషం వేసుకుని సోకులు పోయే కుర్రాడు. తర్వాతి టర్కిష్ నవలల్లో పదే పదే కనిపించే ఫ్రెంచి మోజు పెద్దమనుషులకు ఇతను పెద్దన్న.

ఇక చదవడం. ఆర్మేనియన్ అక్షరమాలలో 38 అక్షరాలు. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ కూర్చినవి 36, మధ్యయుగంలో చేరినవి 2. ఇక్కడ ఆ అక్షరాలు చూపలేను కాబట్టి వరుస సంఖ్యతో చెప్తాను. పక్కన ఏదైనా ఆర్మేనియన్ అక్షరమాల పటం పెట్టుకోండి.

మొట్టమొదటి జాగ్రత్త: ఇస్తాంబుల్ పుస్తకాలకు పశ్చిమ ఆర్మేనియన్ ఉచ్చారణ పెట్టుకోవాలి. మీకు ఇంటర్నెట్‌లో దొరికే పటాల్లో చాలావరకు యెరెవాన్ వైపు, అంటే తూర్పు ఉచ్చారణతో ఉంటాయి. రెంటికీ సరళ పరుషాలు తారుమారు. తూర్పులో 'ప' అనే 26వ అక్షరం పశ్చిమంలో 'బ'. తూర్పులో 'త' అనే 31వది పశ్చిమంలో 'ద'. తూర్పులో 'క' అనే 15వది పశ్చిమంలో 'గ'. తూర్పులో 'గ' అనే 3వది పశ్చిమంలో 'క'. 19వది పశ్చిమంలో 'జ'. నిజమైన ప, త, చ ధ్వనులకు టర్కిష్ రాసేటప్పుడు ప్రధానంగా వాడేవి 35, 9, 25.

తప్పు పటంతో మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. టర్కిష్‌లో 'ఒక' అంటే 'బిర్'. 26, 11, 32 అక్షరాలు. తూర్పు పద్ధతిలో చదివితే 'పిర్' వస్తుంది. చిక్కేమిటంటే 'పీర్' కూడా టర్కిష్‌లో ఉన్న మాటే, మన పీర్ల పండుగలో పీరే. వాక్యం కాస్త వింతగా ఉన్నా అర్థం ఉన్నట్టే అనిపించి ముందుకు పోతారు. ఇంకా మోసం చేసేది నాయిక పేరే. 1, 3, 1, 26, 11: పశ్చిమంలో 'అకబి', తూర్పులో 'అగపి'. ఈ పేరు పుట్టింది ప్రేమ అనే అర్థంలో గ్రీకు మాట 'అగాపె' నుంచి. కాబట్టి తప్పు చదువు ఒప్పులా కనిపిస్తుంది. వ్యుత్పత్తి చూసి మోసపోకండి, ఇస్తాంబుల్ ఆర్మేనియన్ నోట అది అకబే.

రెండోది అచ్చులు. టర్కిష్‌కు ఎనిమిది అచ్చులు. అరబ్బీ లిపిలో వావ్ అనే ఒక్క అక్షరం నాలుగు అచ్చుల పనీ, దానితోపాటు 'వ' పనీ చేయాలి. అందుకే పాత ఆటోమన్ రాతలో 'అయ్యాడు', 'చచ్చాడు' అనే రెండు క్రియలూ ఒకే తీరున కనిపిస్తాయి. ఫలానా పాషా మంత్రి అయ్యాడో, కాలం చేశాడో సందర్భం చూసి తేల్చుకోవాలి. ఆ మాటకొస్తే తెలుగు లిపీ ఇక్కడ చేతులెత్తేస్తుంది, రెండింటినీ 'ఒల్దు' అనే రాయాలి. ఆర్మేనియన్ లిపిలో ఆ గొడవ లేదు. గుండ్రటి 'ఒ'కు 37వ అక్షరం. పెదవులు గుండ్రంగా పెట్టి 'ఎ' అంటే వచ్చే అచ్చుకు 7, 37 జంట. 'ఉ'కు 24, 34 జంట. పెదవులు గుండ్రంగా పెట్టి 'ఇ' అంటే వచ్చే అచ్చుకు 11, 34 జంట. చుక్కలేని 'ఇ' అని ఇప్పటి టర్కిష్‌లో రాసే అచ్చుకు 8వ అక్షరం అచ్చంగా సరిపోతుంది, ఆర్మేనియన్‌లోనూ దగ్గరి ధ్వని ఉంది కాబట్టి. 'అయ్యాడు': 37, 12, 31, 24-34. 'చచ్చాడు': 7-37, 12, 31, 11-34. ఇక పొరబడే వీల్లేదు. 'అందమైన' అనే మాట: 15, 11-34, 6, 7, 12. ఈ మూడు మాటలూ తడుముకోకుండా చదవగలిగితే సగం పని అయినట్టే.

హల్లుల్లో గమనించాల్సింది రెండు కకారాలు. గొంతు లోపలి నుంచి వచ్చే 'క'కు 3వ అక్షరం, ముందు నుంచి వచ్చే 'క'కు 36వది. ముందు కకారం తర్వాత 5, 1 జంట వస్తే 'క్యా' అని పలకాలి. మంచు అనే 'కార్' 3తో, లాభం అనే 'క్యార్' 36, 5, 1తో మొదలవుతుంది. పుస్తకం పేరులోని రెండో మాటను తీత్సె 'హిక్యాయెసి' అని మార్చడానికి కారణం ఇదే: మూలంలో 'క్యా' స్పష్టంగా ఉంది. ఇప్పటి టర్కిష్‌లో మెత్తటి 'గ' అని రాసేదానికి 18వ అక్షరం, ఖకారానికి 13, 'ఫ'కు 38. మాట మొదట్లో 'య' ధ్వనికి 5వ అక్షరం పక్కన అచ్చు పెడతారు. 14, 17, 27, 33 అక్షరాలు కనిపిస్తే అది ఆర్మేనియన్ పేరో, చర్చి మాటో అయి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి పేర్లు తరచుగా ఆర్మేనియన్ వర్ణక్రమంలోనే ఉంటాయి, పైన చెప్పిన టర్కిష్ లెక్క వాటికి పనిచేయదు. ఉదాహరణకు సంప్రదాయ వర్ణక్రమంలో హగోప్ పేరు 21వ అక్షరంతో మొదలవుతుంది. మాట చివర యకారంగా పలికే ఆ అక్షరం పేరు మొదట్లో హకారం.

విరామ చిహ్నాలు కూడా ఆర్మేనియన్‌వే. మన కోలన్‌లా రెండు చుక్కలు కనిపిస్తే వాక్యం ముగిసినట్టు. ప్రశ్న గుర్తు వాక్యం చివర రాదు. ఏ మాట మీద ప్రశ్న ఉందో ఆ మాట చివరి అచ్చు పైన చిన్న కొక్కెంలా ఉంటుంది. ఆశ్చర్యార్థకం కూడా అంతే. తెలియకపోతే వాటిని అచ్చు మరకలనుకుని వదిలేస్తారు, సంభాషణల్లో స్వరమే మారిపోతుంది.

ముఖపత్రం మీద సంవత్సరం అంకెల్లో కాక అక్షరాల్లో ఉంటే కంగారు పడొద్దు. 1 నుంచి 9 దాకా ఉన్న అక్షరాలు ఒకట్లు, 10 నుంచి 18 దాకా పదులు, 19 నుంచి 27 దాకా వందలు, 28 నుంచి 36 దాకా వేలు. 28, 26, 14, 1 అంటే 1000, 800, 50, 1 కలిపి 1851. ఒక్కోసారి ఆర్మేనియన్ శకం వేస్తారు, దానికి 551 కలపాలి. 28, 21 ఉంటే 1300. అదీ 1851 కిందికే వస్తుంది.

గ్రంథాలయ సూచికల్లో వెతకడం మరో తలనొప్పి. అమెరికా గ్రంథాలయాల లిప్యంతరీకరణ నియమం తూర్పు, ప్రాచీన ఆర్మేనియన్ విలువల మీద నడుస్తుంది. కాబట్టి అకబి అక్కడ లాటిన్ అక్షరాల్లో 'అగపి'గా నమోదవుతుంది. ఇస్తాంబుల్ పద్ధతిలో వెతికితే 'పుస్తకం లేదు' అని వస్తుంది, లేక తీత్సె ప్రతి ఒక్కటే వస్తుంది. ప్రతి పేరునూ కనీసం మూడు రకాలుగా వెతకండి: ఇప్పటి టర్కిష్ వర్ణక్రమంలో, తూర్పు విలువలతో మార్చి, నేరుగా ఆర్మేనియన్ అక్షరాల్లో. భాష అనే గడిలో టర్కిష్ అని మాత్రమే పెట్టి వడకట్టకండి, లిపిని చూసి ఆర్మేనియన్ అని నమోదు చేసినవి జారిపోతాయి. రచయిత పేరు మీద ఆధారపడకండి, అకబి మొదట రచయిత పేరు లేకుండానే అచ్చయింది. అసలు ప్రతుల కోసం యెరెవాన్‌లోని ఆర్మేనియా జాతీయ గ్రంథాలయం, వెనిస్, వియన్నాల్లోని మెఖితారిస్టు గ్రంథాలయాలు ముందుగా చూడాల్సినవి.

స్కాన్ దొరికాక చాలామంది నేరుగా ఓసీఆర్‌లో వేస్తారు. టెసెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్మేనియన్ నమూనా ఉంది, అచ్చు శుభ్రంగా ఉంటే అక్షరాలను బాగానే పట్టుకుంటుంది. ఎక్కువ తప్పులు దాని నిఘంటువు వల్ల వస్తాయి. అది ఆర్మేనియన్ మాటల కోసం ఎదురుచూస్తుంది, టర్కిష్ మాట కనిపిస్తే దగ్గరి ఆర్మేనియన్ మాటగా 'దిద్దుతుంది'. కాబట్టి ఓసీఆర్ మొదలుపెట్టే ముందు పద నిఘంటువుల సాయం ఆపేయండి. ఆ తర్వాత మిగిలేవి ఆకార సామ్యం వల్ల వచ్చే తప్పులు: 3వ అక్షరానికీ 6వ దానికీ, 4కూ 18కీ, 24కూ 29కీ. వీటిలో మొదటి జంట ఎక్కువ బాధిస్తుంది, క కాస్తా జ్ (ఇంగ్లిష్ z ధ్వని) అయిపోతుంది. 'స్త్రీ' అనే 'కదిన్' 'జదిన్' అని వస్తే మీకు తెలిసిపోతుంది, కానీ తెలియని అరబ్బీ మాటలో ఇదే జరిగితే నిఘంటువులో గంటసేపు వెతుకుతారు. ప్రశ్న గుర్తు ఉన్న మాటను రెండు ముక్కలు చేయడం కూడా మామూలే. ఒక పుటకు తప్పులు ఇరవై దాటితే దిద్దడం కంటే చేత్తో టైపు చేయడమే త్వరగా అవుతుంది.

రెండు భాషల్లోనూ అర్థం ఉన్న మాటలను యంత్రం పట్టదు, మనిషే పట్టాలి. 31, 1, 18 అంటే టర్కిష్‌లో కొండ, ఆర్మేనియన్‌లో గేయం. 29, 7, 32 అంటే పారశీకం నుంచి వచ్చిన టర్కిష్ మాటగా తల, ఆర్మేనియన్‌లో ప్రేమ. ప్రేమకథలో ఆ రెండోది వస్తే ఆర్మేనియన్ తెలిసినవాళ్లే ముందు బోల్తా పడతారు!

నిఘంటువు విషయంలో మొదట లాటిన్ క్రమంలో ఉన్నదే వాడండి, కుబ్బెఆల్తి నిఘంటువు చాలావరకు సరిపోతుంది. 1890 నాటి రెడ్‌హౌస్ టర్కిష్-ఇంగ్లిష్ నిఘంటువు లోతైనదే, కానీ అది అరబ్బీ అక్షర క్రమంలో ఉంటుంది. ఆర్మేనియన్ లిపిలో జ్ ధ్వనికి 6వ అక్షరం ఒక్కటే, అరబ్బీ రాతలో దానికి నాలుగు అక్షరాలు. 'స'కు మూడు. అయిన్ అనే అరబ్బీ అక్షరం ఇక్కడ మామూలుగా కనిపించనే కనిపించదు. విన్నదాన్ని బట్టి అరబ్బీ వర్ణక్రమం ఊహించి వెతకాలంటే ఒక మాటకు నాలుగైదు చోట్ల చూడాల్సి వస్తుంది. ముందు కుబ్బెఆల్తిలో మాట పట్టుకుని, అక్కడ ఇచ్చిన అరబ్బీ రూపంతో రెడ్‌హౌస్‌కు వెళ్లడం తక్కువ శ్రమ.

చదివే క్రమం: ముందు అకబి అసలు ప్రతి, తీత్సె ప్రతి పక్కపక్కన పెట్టుకుని పది పుటలు. మొదట అసలు చదివి మీరే లాటిన్‌లో రాసుకోండి, తర్వాతే తీత్సె చూడండి. తిరగేసి చేస్తే కళ్లు లాటిన్‌కే అలవాటు పడతాయి. పది పుటలు అయ్యాక తీత్సెను మూసేయండి. ఆ తర్వాత వర్తాన్ పాషాదే 1852 నాటి 'బోష్‌బొఆజ్ బిర్ ఆదెమ్', అంటే వదరుబోతు మనిషి. వ్యంగ్య రచన, భాష సరదాగా ఉంటుంది. దానికీ మురాత్ జంకర లాటిన్‌లోకి మార్చిన ప్రతి ఉంది కాబట్టి ఇరుక్కున్నచోట సాయం దొరుకుతుంది. తర్వాత 1863 నాటి బాలిక్చియన్ నవల, కర్నిగ్, గులున్యా, దిక్రాన్‌ల ఘోర మరణాల కథ. 1868లో వచ్చిన హోవ్సెప్ మరుష్ 'బిర్ సెఫిల్ జెవ్జె', విజెన్ తిల్కియన్ 'గులిన్యా' ఆ తర్వాత. ఫ్రెంచ్ నుంచి వచ్చిన అనువాదాలు, ముఖ్యంగా గ్జావియే ద మోంతెపాన్ రాసిన మలుపుల నవలలు, ఈ లిపిలో బోలెడు. చదివే వేగం పెరగడానికి అవి మంచివే. సాహిత్యం కోసమైతే వదిలేయవచ్చు. 1871-72 నాటి మిసైలిదిస్ పెద్ద నవలను కూడా కొందరు ఈ జాబితాలో కలిపేస్తారు. అది టర్కిషే గానీ గ్రీకు లిపిలోది, కథ కూడా ఒక గ్రీకు నవలకు అనుసరణ.

మీరు ఏదైనా పుటను లాటిన్‌లోకి మార్చి నలుగురికీ పెట్టాలనుకుంటే, వర్ణక్రమాన్ని ఇప్పటి టర్కిష్‌కు సరిచేయకండి. అరబ్బీ లిపి రాత చాలా ప్రత్యయాలను పాత రూపంలో గడ్డకట్టించి ఉంచింది, నోట ఎలా పలికారో దాచేసింది. ఈ పుస్తకాల్లో చాలాచోట్ల 1850ల నాటి ఇస్తాంబుల్ నోరు వినిపిస్తుంది, భాషాశాస్త్రజ్ఞులు వీటిని వెతుక్కుంటూ వచ్చేది అందుకే. 1863 నవల పేరులోనే 'మరణాలు' అనే మాటకు 'వెఫాత్లెరి' అని ఉంటుంది. ఇప్పుడైతే 'వెఫాత్లరి' అంటారు. దాన్ని అచ్చుతప్పనుకుని దిద్దిన చోట ఒక సాక్ష్యం పోయినట్టే. ఒకే పుస్తకంలో ఒకే మాట రెండు తీర్లుగా కనిపించినా రెండూ అలాగే ఉంచండి, ఆ రోజుల్లో ఈ రాతకు నియమం పెట్టిన సంస్థ ఏదీ లేదు. రెండు కకారాల తేడా మాత్రం లాటిన్‌లో ఇట్టే పోతుంది. ఏ గుర్తు వాడుతున్నారో మొదటి పుటలోనే చెప్పి చివరిదాకా అదే వాడండి. పేర్ల దగ్గర పశ్చిమ ఉచ్చారణ రాసి, మొదటిసారి వచ్చినప్పుడు ఆర్మేనియన్ అక్షరాల రూపం పక్కన ఇవ్వండి. గ్రంథాలయం సూచికలో 'అగపి' అని ఉన్నదీ, మీరు 'అకబి' అన్నదీ ఒకటేనని తర్వాత వెతికేవాళ్లకు తెలియడానికి ఆ ఒక్క మాట చాలు.